నోటి వాసన నుండి శ్వాస యంత్రం దాకా: మద్యపాన నిరూపణలో సందేహానికి ఉన్న స్థానం

ఒక మనిషి మద్యం సేవించాడని న్యాయస్థానంలో రుజువు చేయటం ఎలా? తాగుతుండగా చూచిన సాక్షులు లేరు. అతడు ఒప్పుకొనలేదు. ఉన్నదల్లా అతని నోటి నుండి వెలువడిన ఊపిరి మాత్రమే. ఆ ఊపిరిని ఆధారం చేసికొని అతణ్ణి శిక్షించవచ్చునా?

ఈ ప్రశ్న ఈనాడు రహదారి తనిఖీల మూలంగా మన ముందుకు వచ్చింది. పోలీసులు వాహనాన్ని ఆపి, చోదకుని నోటికి ఒక చిన్న పరికరాన్ని అందించి ఊదమంటారు. పరికరం ఒక అంకెను చూపుతుంది. అంకె పరిమితి దాటితే కేసు నమోదవుతుంది. ఆ అంకె సరైనదేనా అని కోర్టులో న్యాయవాది ప్రశ్నిస్తే, తాగుబోతులను తప్పించటానికి ఆధునిక కాలంలో కనిపెట్టిన ఎత్తుగడ అని చాలామంది భావిస్తారు. చారిత్రకంగా చూస్తే ఈ భావన సరి కాదు. శ్వాస యంత్రం పుట్టటానికి పదమూడు శతాబ్దాలకు పూర్వమే మదీనాలో, కూఫాలో, హిమ్స్‌లో ఊపిరి సాక్ష్యం న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. ఫిఖ్హ్ పండితులు దానిని గురించి సుదీర్ఘంగా చర్చించారు. వారు లేవదీసిన ప్రశ్నలలో అనేకం నేటి న్యాయస్థానాలలో మరొక భాషలో తిరిగి వినబడుతున్నాయి. ఆ చర్చను, దాని ఆధునిక రూపాన్ని పక్కపక్కన ఉంచి పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. మద్యం నిషిద్ధమా కాదా అనేది ఇక్కడ చర్చ కాదు. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో (5:90) దానిని నిషేధించింది. ఆ నిషేధం విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం లేదు. భేదం వచ్చినది నిరూపణ దగ్గర. ఒక కార్యం పాపమని నిర్ణయించటం వేరు, ఫలానా మనిషి ఆ కార్యం చేశాడని నిర్ధారించి అతని వీపుపై కొరడా ఝళిపించటం వేరు. ఫిఖ్హ్ పండితులు ఈ రెండింటినీ ఏనాడూ కలగాపులగం చేయలేదు.

మొదటి తరం సంఘటనలు

ఊపిరిని పరీక్షించటాన్ని అరబీలో 'ఇస్తిన్‌కాహ్' అంటారు. హదీసు గ్రంథాలలో ఈ పరీక్ష కనబడే ఒక ప్రసిద్ధ సందర్భం మాఇజ్ బిన్ మాలిక్ (రజి) గారిది. ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తాను వ్యభిచారానికి పాల్పడ్డానని పదే పదే ఒప్పుకొన్నారు. ఆయనకు మతిభ్రమ ఏమైనా ఉన్నదా అని ప్రవక్త (స) విచారించారు. మద్యం సేవించి ఉన్నాడా అని కూడా అడిగారు. అప్పుడు ఒక వ్యక్తి లేచి ఆయన నోటిని వాసన చూచి, మద్యపు వాసన లేదని తెలిపాడని సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. ఈ పరీక్ష ముద్దాయిని పట్టుకొనటానికి జరిగినది కాదు. మత్తులో ఉన్న మనిషి నేరాంగీకారం చెల్లదు గనుక, ఆయనను కాపాడగల కారణం ఏదైనా ఉన్నదేమోనని వెదకటానికి జరిగినది.

రెండవ సంఘటన హజ్రత్ ఉమర్ (రజి) కాలానిది. ఇమాం మాలిక్ తమ 'మువత్తా'లో దీనిని ఉల్లేఖించారు. హజ్రత్ ఉమర్ (రజి)కి తమ కుమారుడైన ఉబైదుల్లాహ్ నోటి నుండి పానీయపు వాసన వచ్చింది. తాను తాగినది 'తిలా' అని కుమారుడు చెప్పాడు. తిలా అంటే ద్రాక్షరసాన్ని కాచి చిక్కబరచిన పానీయం. అందులో మత్తు కలిగించేది ఉన్నది, కలిగించనిది ఉన్నది. ఆ పానీయం ఎటువంటిదో విచారిస్తానని, మత్తు కలిగించేదైతే శిక్షిస్తానని ఖలీఫా ప్రకటించారు. విచారణ ముగిసిన తరువాత పూర్తి శిక్ష అమలు చేశారు. వాసన పసిగట్టినవాడు స్వయంగా ఖలీఫా, ఎదుట ఉన్నవాడు సొంత కొడుకు. అయినప్పటికీ వాసనకూ శిక్షకూ నడుమ ఒక విచారణ జరిగింది.

మూడవది హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారి ఉదంతం. ఆయన హిమ్స్ నగరంలో యూసుఫ్ సూరా పారాయణం చేయగా, అది ఆ విధంగా అవతరించలేదని ఒకడు అడ్డు తగిలాడు. ప్రవక్త (స) ముందు తాను దానిని ఇదే విధంగా పఠించానని ఆయన సమాధానం చెబుతుండగా ఆ మనిషి నోటి నుండి మద్యపు వాసన వచ్చింది. ఆయన అతనికి కొరడా దెబ్బల శిక్ష వేయించారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది.

నాల్గవది హజ్రత్ ఉస్మాన్ (రజి) పాలనలో కూఫా గవర్నరుగా ఉన్న వలీద్ బిన్ ఉఖ్బా కేసు. ఇతడు ఖలీఫాకు తల్లి వైపున సోదరుడు. ఇద్దరు సాక్షులు వచ్చారు. వలీద్ తాగుతుండగా చూచానని ఒకడు, వాంతి చేసికొంటుండగా చూచానని మరొకడు చెప్పారు. తాగకుండా వాంతి చేసికొని ఉండడని ఖలీఫా నిర్ణయించారు. హజ్రత్ అలీ (రజి) లెక్కిస్తుండగా నలభై దెబ్బలు పడ్డాయి. అంటే ప్రత్యక్షంగా చూచిన సాక్షికి తోడుగా శరీరంలో కనబడిన చిహ్నాన్ని రెండవ సాక్ష్యంగా గ్రహించారు.

పండితుల మధ్య చర్చ

తరువాతి తరాల పండితులు ఈ సంఘటనలనే ఆధారం చేసికొని రెండు మార్గాలుగా చీలారు.

మాలికీ పండితులు వాసనను రుజువుగా అంగీకరించారు. అయితే వాసన చూచేవారు ఇద్దరుండాలి, వారు ధర్మపరాయణులై ఉండాలి, మద్యపు వాసనను ఇతర వాసనల నుండి వేరు చేసి గుర్తించగలవారై ఉండాలి. అందలుసియాకు చెందిన అల్ బాజీ (మరణం హిజ్రీ 474, క్రీ.శ. 1081) ఈ పక్షాన ఒక బలమైన వాదం చెప్పారు. పాత్రలో ఉన్న ద్రవం మత్తు పదార్థమా కాదా అన్నది కంటితో చూస్తే తెలియదు, వాసన వల్లనే తెలుస్తుంది. కాబట్టి పానీయం స్వభావం విషయంలో చూపు కంటే వాసనే బలమైన సాక్ష్యమని ఆయన అన్నారు. మాటలోనో నడకలోనో తడబాటు వంటి సంకేతం కనబడినప్పుడు న్యాయమూర్తి పరీక్షకు ఆదేశించటాన్ని కూడా వీరు చర్చించారు. హంబలీలలో ఇబ్న్ తైమియా (మరణం హిజ్రీ 728, క్రీ.శ. 1328), ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హిజ్రీ 751, క్రీ.శ. 1350) కూడా ఈ పక్షానికే మొగ్గారు. హజ్రత్ ఉమర్, ఇబ్న్ మస్ఊద్ (రజి) గార్ల ఆచరణను చూపి, బలమైన చిహ్నం సాక్షి వాంగ్మూలానికి తీసిపోదని ఇబ్నుల్ ఖయ్యిమ్ 'అత్తురుఖుల్ హుక్మియ్యా'లో వాదించారు.

హనఫీ, షాఫిఈ పండితులు దీనికి ఒప్పుకొనలేదు. హంబలీ మద్హబ్‌లో కూడా ప్రధాన అభిప్రాయం వీరి పక్షమే. హనఫీల ప్రామాణిక గ్రంథమైన 'హిదాయా'లో అల్ మర్గీనానీ (మరణం హిజ్రీ 593, క్రీ.శ. 1197) విషయాన్ని తేల్చి చెప్పారు. మద్యపు వాసన వచ్చినంత మాత్రాన, మద్యం వాంతి చేసికొన్నంత మాత్రాన హద్ద్ శిక్ష లేదు. వాసనకు వేరే కారణం ఉండవచ్చు. నిజంగా తాగి ఉన్నప్పటికీ, ఇతరుల బలవంతం మీదనో ప్రాణాపాయ స్థితిలోనో తాగి ఉండవచ్చు. సఫర్జల్ పండు తిన్నవాని నోటి వాసనను చూచి మద్యమని భ్రమపడే అవకాశాన్ని కూడా ఆ గ్రంథం ప్రస్తావించింది. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానాల అవసరం కొరకు 1791లో చార్లెస్ హామిల్టన్ ఆంగ్లంలోకి అనువదించిన గ్రంథం ఇదే.

ఇబ్న్ ఖుదామా (మరణం హిజ్రీ 620, క్రీ.శ. 1223) తమ 'అల్ ముగ్నీ'లో ఇచ్చిన జాబితా ఇంకా వివరమైనది. వాసన వస్తున్న మనిషి మద్యాన్ని నోట్లో పోసికొని పుక్కిలించి ఉండవచ్చు. నీళ్ళనుకొని నోట పెట్టుకొని, తెలియగానే ఉమ్మివేసి ఉండవచ్చు. మత్తు కలిగించని పానీయమనుకొని తాగి ఉండవచ్చు. అతణ్ణి ఎవరైనా బలవంతపెట్టి ఉండవచ్చు. బాగా మాగిన రేగుపండ్లు తిని ఉండవచ్చు, యాపిల్ రసం తాగి ఉండవచ్చు, వాటి వలన కూడా మద్యపు వాసన వంటిదే వస్తుంది.

మరి హిమ్స్‌లో ఇబ్న్ మస్ఊద్ (రజి) వేయించిన శిక్ష మాటేమిటి? ఆ మనిషి తాగిన సంగతి ఒప్పుకొని ఉంటాడని, లేకుంటే మరపు, పొరపాటు, బలవంతం వంటి అవకాశాలు ఉండగా కేవలం వాసన మీద హద్ద్ విధించటం కుదరదని ఇమాం నవవీ (మరణం హిజ్రీ 676, క్రీ.శ. 1277) వ్యాఖ్యానించారు. ఉబైదుల్లాహ్ సంఘటనను కూడా ఈ పక్షం వారు ఇదే విధంగా అర్థం చేసికొన్నారు. తిలా తాగానని అతడే చెప్పాడు గనుక, తాగటం ఒప్పుకోలు వల్ల రుజువయింది. విచారించవలసినది ఆ పానీయం స్వభావం ఒక్కటే.

కాలవ్యవధి విషయంలో కూడా ఒక ముఖ్యమైన చర్చ జరిగింది. ఇమాం అబూ హనీఫా, ఇమాం అబూ యూసుఫ్ గార్ల అభిప్రాయం ప్రకారం సాక్షులు ఉన్నప్పటికీ, ముద్దాయి ఒప్పుకొన్నప్పటికీ, అతణ్ణి పట్టుకొన్న సమయంలో వాసన ఉండి తీరాలి. వాసన పోయిన తరువాత చేసిన ఫిర్యాదు ఆలస్యమైన ఫిర్యాదు. ఇమాం ముహమ్మద్ దీనిని అంగీకరించలేదు. వాసన సందిగ్ధమైనదని మనమే అంటూ దానిని షరతుగా ఎలా పెట్టగలమని ఆయన వాదన. అయితే వాసన ఉండగా పట్టుకొని దూరాన ఉన్న నగరానికి తీసికొని వెళ్ళేలోగా దారిలో వాసన పోతే దోషం లేదని హిదాయా చెబుతుంది. ఊపిరి నిలువ ఉండే సాక్ష్యం కాదనీ, అది గాలిలో కలిసిపోతుందనీ ఈ పండితులు బాగా గుర్తించారు.

ఈ చర్చ అంతటికీ ఇరుసు వంటి సూత్రం ఒకటి ఉన్నది. సందేహం ఉన్నచోట హద్ద్ శిక్షలను తొలగించాలనేది ఆ సూత్రం. శిక్షించటంలో పొరపడటం కంటే క్షమించటంలో పొరపడటం పాలకునికి మేలనే భావం గల హదీసు తిర్మిజీలో ఉన్నది. దాని ఉల్లేఖన పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు చెప్పినప్పటికీ, అందులోని నియమాన్ని ఫిఖ్హ్ పండితులు విస్తృతంగా స్వీకరించారు. అయితే హద్ద్ తొలగిపోవటం అంటే మనిషి స్వేచ్ఛగా వెళ్ళిపోవటం కాదు. హద్ద్ కు తగిన రుజువు లేనప్పుడు కూడా న్యాయమూర్తి తన విచక్షణ మేరకు విధించగల తఅజీర్ అనే తక్కువ స్థాయి శిక్షలు ఉన్నాయి. ఇతరులకు హాని కలుగకుండా నివారించే అధికారం ప్రభుత్వానికి ఎప్పుడూ ఉన్నది. ఈ రెండు అంచెల ఏర్పాటును గుర్తుంచుకొని ఆధునిక కాలానికి వద్దాం.

ముక్కు స్థానంలో యంత్రం

మోటారు వాహనం వచ్చిన తరువాత సమస్య స్వరూపం మారింది. మత్తులో ఉన్న చోదకుడు తనకే కాక దారినపోయేవారికి కూడా ప్రాణాంతకుడైనాడు. మొదట్లో ఐరోపా, అమెరికా న్యాయస్థానాలు కూడా పోలీసు చూచిన వాసన, ఎర్రబడిన కన్నులు, తూలే నడక వంటి చిహ్నాల మీదనే ఆధారపడ్డాయి. ఆ సాక్ష్యం మనిషిని బట్టి మారేది.

తాగిన మద్యంలో కొద్దిపాటి భాగం ఊపిరి ద్వారా బయటకు వస్తుందని ఇంగ్లండులో వైద్యుడు ఫ్రాన్సిస్ ఆన్‌స్టీ 1874లో చూపాడు. 1927లో ఎమిల్ బోగెన్ అనే అమెరికా వైద్యుడు ఫుట్‌బాల్ బ్లాడర్‌లోకి ఊపిరి ఊదించి, అందులోని మద్యాన్ని కొలిచాడు. 1930 దశకంలో ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రోలా హార్గర్ 'డ్రంకోమీటర్' తయారు చేశాడు. అందులో బెలూనులోని ఊపిరి పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం రంగును మారుస్తుంది. 1954లో అదే రాష్ట్రానికి చెందిన పోలీసు అధికారి రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ 'బ్రెతలైజర్'ను రూపొందించాడు. దానిలో పొటాషియం డైక్రోమేట్ రంగు మార్పును కాంతి ఘటం కొలుస్తుంది. ఆ తరువాత పరారుణ కిరణాలతో, ఫ్యూయల్ సెల్‌తో పని చేసే యంత్రాలు వచ్చాయి.

చట్టం కూడా మారింది. 1936లో నార్వే, రక్తంలో మద్యం 0.05 శాతం దాటితే చాలు నేరమని శాసించింది. బ్రిటన్‌లో 1967 నాటి రోడ్డు భద్రతా చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల పరిమితి పెట్టి, రోడ్డు మీద శ్వాస పరీక్షను ప్రవేశపెట్టింది. ఈ మార్పు ఎంత గంభీరమైనదో గమనించాలి. అంతకు పూర్వం చోదకుడు అదుపు తప్పి ఉన్నాడా లేదా అన్నది ప్రశ్న. అంకె దాని చిహ్నం మాత్రమే. ఇప్పుడు అంకె దాటటమే నేరమైంది. చిహ్నమే నేరమైనప్పుడు, చిహ్నం తప్పని చూపటం తప్ప ముద్దాయికి మరొక రక్షణ మిగలదు. శ్వాస పరీక్ష మీద వివాదాలు ఇంతగా పెరగటానికి మూలం ఇక్కడ ఉన్నది.

యంత్రానికి అడ్డు ప్రశ్నలు

యంత్రం రక్తాన్ని చూడదు. ఊపిరిని కొలిచి, దాని నుండి రక్తంలో ఎంత ఉండి ఉంటుందో లెక్క కడుతుంది. 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉన్నంత మద్యం 1 మిల్లీలీటరు రక్తంలో ఉంటుందనే నిష్పత్తిని అమెరికాలో వాడతారు. బ్రిటన్ చట్టంలోని పరిమితులు సుమారు 2300 నిష్పత్తిని సూచిస్తాయి. నిజానికి ఈ నిష్పత్తి మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో గంటకూ గంటకూ మారుతుంది. శరీరపు వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఫలితం సుమారు 6 నుండి 7 శాతం పెరుగుతుంది. జ్వరంతో ఉన్నవానికి ఇది అన్యాయమే.

రెండవ ప్రశ్న, మద్యం ఊపిరితిత్తుల నుండి వచ్చిందా, నోటి నుండి వచ్చిందా అనేది. మద్యసారం కలిసిన పుక్కిలి మందు, దగ్గు మందు, హోమియోపతి చుక్కల మందు నోట పడిన వెంటనే ఊదితే అంకె అమాంతం పైకి పోతుంది. త్రేనుపు వచ్చినా, కడుపులోనిది గొంతులోకి వచ్చినా అంతే. ఈ కారణం చేతనే పరీక్షకు ముందు 15 లేక 20 నిమిషాలు మనిషిని కనిపెట్టి చూడాలని అనేక దేశాల నిబంధనలు చెబుతాయి. ఇబ్న్ ఖుదామా జాబితాలో మొదటిది పుక్కిలించటమేనని పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

మూడవది, మద్యం కాని పదార్థం. మధుమేహం అదుపు తప్పినవారి ఊపిరిలోనూ, దీర్ఘకాలం ఆహారం లేనివారి ఊపిరిలోనూ ఎసిటోన్ ఉంటుంది. ఫ్యూయల్ సెల్ యంత్రాలు దీనిని మద్యమని పొరపడవు. చవక రకం సెమీకండక్టర్ పరికరాలు పొరపడవచ్చు. కాబట్టి ఏ రకం యంత్రమన్నది తెలియాలి. పైగా మధుమేహ రోగికి రక్తంలో చక్కెర పడిపోతే మాట తడబడుతుంది, నడక తూలుతుంది. అతనికి కావలసినది చికిత్స.

నాల్గవది, కాలం. తాగిన తరువాత కొంతసేపు రక్తంలో మద్యం పెరుగుతూ పోతుంది, ఆ తరువాత గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల వంతున తగ్గుతుంది. వాహనం ఆపిన గంటకు చేసిన పరీక్ష, వాహనం నడిపిన క్షణం నాటి స్థితిని ఖచ్చితంగా చెప్పలేదు. పైగా ఊదిన ఊపిరి గాలిలో కలిసిపోతుంది. ఊపిరి నమూనాను ముద్దాయి కొరకు భద్రపరచవలసిన రాజ్యాంగ బాధ్యత ప్రభుత్వానికి లేదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో ట్రాంబెట్టా కేసులో తీర్పు చెప్పింది. అందుచేత వాదమంతా యంత్రం విశ్వసనీయత మీదికి మళ్ళింది.

ఆ విశ్వసనీయతకు హామీ ఎవరు? అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జరిగిన ఉదంతం ఇందుకు మంచి నిదర్శనం. 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చున్ కేసులో యంత్రం లోపల పని చేసే కంప్యూటరు ఆదేశాలను సైతం నిపుణులచేత పరీక్షింపజేసి, కొన్ని షరతులతో యంత్రాన్ని ఆమోదించింది. ఆ షరతులలో ఒకటి, యంత్రాన్ని సరిచూచే ద్రావణం ఉష్ణోగ్రతను ప్రామాణిక థర్మామీటరుతో పరీక్షించటం. ఆ పని చేయకుండానే చేసినట్లు ధ్రువపత్రాలు ఇచ్చాడని ఒక పోలీసు అధికారి మీద ఆరోపణ వచ్చింది. 2018లో క్యాసిడీ కేసులో అదే న్యాయస్థానం, ఆ విధంగా సరిచూచిన యంత్రాలపై జరిగిన పరీక్షలు సాక్ష్యంగా చెల్లవని తీర్పు ఇచ్చింది. దీని ప్రభావం 20,667 మంది పరీక్షల మీద పడింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో యంత్రాలు సరిచూపులో విఫలమైన రికార్డులను ప్రభుత్వ ప్రయోగశాల బయటపెట్టలేదని తేలింది. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2023లో హాలినన్ కేసులో సుమారు 27,000 మందికి తమ పాత తీర్పులను తిరిగి ప్రశ్నించే మార్గం తెరిచింది.

సాక్షి మాట వినటానికి ముందు అతని నడవడిని విచారించటాన్ని ఫిఖ్హ్‌లో 'తజ్కియా' అంటారు. యంత్రం అబద్ధం చెప్పదు, నిజమే. కానీ యంత్రాన్ని సరిచూచినది మనిషి. అతని ధ్రువపత్రం మీద అడిగే ప్రశ్నలు ఈ కాలపు తజ్కియా అనవచ్చు. బ్రిటన్ చట్టంలో పోలీసు స్టేషనులోని యంత్రంలో రెండుసార్లు ఊదించి, తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసికొంటారు. సందేహం వల్ల కలిగే లాభాన్ని ముద్దాయికే ఇచ్చే పద్ధతి ఇది.

మన దేశపు చట్టం

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. బ్రిటన్ పరిమితి కంటే ఇది చాల కఠినం. అందువల్ల కొద్దిపాటి యంత్రదోషం కూడా ఇక్కడ మనిషిని గీతకు ఇవతలి నుండి అవతలికి నెట్టగలదు. 203వ సెక్షను శ్వాస పరీక్షను, 204వ సెక్షను రక్త పరీక్షను వివరిస్తాయి. 2019 సవరణ శ్వాస పరికరంతో పాటు ప్రయోగశాల పరీక్షను కూడా 185వ సెక్షనులో చేర్చింది, మొదటి నేరానికి జరిమానాను 10,000 రూపాయలకు పెంచింది. ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు.

శ్వాస పరికరాలు మన రోడ్ల మీదికి రాక పూర్వమే మన సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. 1971లో బచుభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో ముద్దాయి నోటి నుండి మద్యపు వాసన వచ్చిందని, నడక తూలిందని, మాట తడబడిందని, కంటిపాపలు విస్తరించాయని వైద్యుడు చెప్పాడు. రక్తాన్ని గాని మూత్రాన్ని గాని పరీక్షించలేదు. ఇంతమాత్రపు సాక్ష్యంతో అతడు మద్యం సేవించాడని నిశ్చయంగా చెప్పలేమని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఈ తీర్పులోని తర్కాన్ని హిదాయాలోని తర్కంతో పోల్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ న్యాయమూర్తులు ఫిఖ్హ్ గ్రంథాలను అనుసరించారని కాదు. ఒకే రకమైన సాక్ష్యం ఎదురైనప్పుడు న్యాయబుద్ధి గల మనస్సులు ఒకే చోట ఆగుతాయి. ఇటీవల 2025లో తెలంగాణ హైకోర్టు కూడా, శ్వాస పరికరం చూపిన అంకె ఒక్కటే ఆధారంగా ఆర్టీసీ డ్రైవరును ఉద్యోగం నుండి తొలగించటం సరికాదని తీర్పు చెప్పింది.

రెండు చర్చల మధ్య పోలిక, భేదం

ఈ రెండు చర్చలూ ఒకటేనని చెప్పటం అతిశయోక్తి అవుతుంది. ఫిఖ్హ్ అడిగిన ప్రశ్న 'తాగాడా లేదా' అనేది. ఎంత తాగాడన్నది దానికి ముఖ్యం కాదు. నేటి చట్టం అడిగేది 'వాహనం నడుపుతున్న సమయంలో రక్తంలో ఎంత ఉన్నది' అని. వాసనకు కొలత లేదు, యంత్రానికి ఉన్నది. ఇద్దరు మనుషుల ముక్కుల కంటే చక్కగా నిర్వహించిన యంత్రం నిస్సందేహంగా మేలైన సాక్షి. ఈ యంత్రాల వల్ల, వాటి వెనుక ఉన్న చట్టాల వల్ల అనేక దేశాలలో ప్రాణాలు నిలిచాయి. వాటిని ఎగతాళి చేయటం మన ఉద్దేశం కాదు.

అయితే పోలిక ఒకచోట గట్టిగా నిలుస్తుంది. ఊపిరి ఎప్పుడూ చిహ్నమే, కార్యం కాదు. చిహ్నం నుండి కార్యానికి వెళ్ళే దారిలో మనిషి అంచనా ఒకటి ఉంటుంది. మాలికీలు ఆ అంచనాను నమ్మదగినదిగా చేయటానికి ఇద్దరు యోగ్యులైన సాక్షులను కోరారు. హనఫీలు, షాఫిఈలు ఆ అంచనా మీద మాత్రమే హద్ద్ వేయరాదన్నారు. ఈ రెండు పక్షాలలో ఏ ఒక్కరూ ప్రశ్నించకుండా శిక్షించమనలేదు.

ఈ చర్చలో రెండు ప్రాణాలు ముడిపడి ఉన్నాయి. ఒకటి, మత్తులో ఉన్న చోదకుని చక్రాల కింద పడబోయే పాదచారిది. రెండవది, దగ్గు మందు తాగిన పాపానికి లైసెన్సును, జీవనోపాధిని పోగొట్టుకొని తాగుబోతు అనే ముద్రతో మిగిలిపోయే డ్రైవరుది. ముస్లిం కుటుంబంలో ఆ ముద్ర బరువు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ ఇద్దరిలో ఒకరి కొరకు మరొకరిని బలి పెట్టవలసిన అవసరం లేదు. ఫిఖ్హ్‌లోని రెండు అంచెల ఏర్పాటు ఇక్కడ పనికి వస్తుంది. అంకె అనుమానం కలిగించగానే వాహనాన్ని ఆపివేసి, తాళం చెవి తీసికొని, మనిషిని ఇంటికి పంపటానికి ఆ చిహ్నం చాలు. హానిని నివారించటానికి సంపూర్ణ నిశ్చయం కొరకు వేచి ఉండనక్కరలేదు. కానీ అతణ్ణి నేరస్థుడని ప్రకటించటానికి, జైలుకు పంపటానికి ఆ చిహ్నం చాలదు. అక్కడ రక్త పరీక్ష కావాలి, యంత్రం సరిచూచిన పత్రం కావాలి, పరీక్ష ఏ సమయంలో ఎలా జరిగిందో వ్రాతమూలకంగా ఉండాలి.

తాగని మనిషికి అంకె పరిమితికి మించి వస్తే అతడు చేయవలసినది కూడా ఇదే. తాను వాడుతున్న మందుల పేర్లు అక్కడే చెప్పాలి. నోరు నీళ్ళతో కడుగుకొని కొంతసేపటి తరువాత మరొకసారి పరీక్షించమని కోరాలి. రక్త పరీక్ష ఆలస్యం లేకుండా జరిపించమని అడగాలి. పరీక్ష ఫలితపు కాగితాన్ని భద్రపరచుకొని, యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూచారో న్యాయవాది ద్వారా విచారించాలి. పరీక్షకు నిరాకరించటం మాత్రం తగదు. నిరాకరణను అతనికి ప్రతికూలమైన సాక్ష్యంగా స్వీకరించటానికి చట్టంలో వీలు ఉన్నది.

నిజంగా తాగి నడిపినవాడు ఇవే ప్రశ్నల చాటున తప్పించుకొనడా అని అడగవచ్చు. కొందరు తప్పించుకొంటారు. ఆ సంగతి అల్ మర్గీనానీకీ తెలుసు, ఇబ్న్ ఖుదామాకూ తెలుసు. తెలిసే వారు ఆ మార్గాన్ని ఎన్నుకొన్నారు. న్యాయమూర్తి బయటకు కనబడినదాని మీద తీర్పు చెప్పగలడు, దాగి ఉన్నదాని లెక్క అల్లాహ్ వద్ద ఉన్నది. సందేహం వల్ల శిక్ష తొలగిపోయినవానికి పాపం కూడా తొలగిపోయిందని ఏ ఫిఖ్హ్ పండితుడూ వ్రాయలేదు.